లెక్క తప్పిన చేపలు

మదనపల్లె,
జూన్ 11

మెర్సీ,

నేను క్షేమం, మాస్టారు క్షేమం. పిల్లి కాటన్ మాత్రం పొద్దస్తమానం చేపల తొట్టి ముందు ఉపవాస ప్రార్థనకు కూర్చున్నట్టు కూర్చుంటోంది.

ఫోను ఉండగా ఉత్తరమేంటని నవ్వకు. ఫోను ఛార్జింగు హాల్లో, మాస్టారు కుర్చీ కూడా హాల్లోనే. చెల్లెలితో ఒక్క మాట గుట్టుగా మాట్లాడుకునే వీల్లేదు. మీ ఆయన శరత్ బాబు ఎటూ మదనపల్లె–కుప్పం బస్సులో కండక్టరు, పుంగనూరు దాటకుండా కుప్పం పోలేడు. ఆయన సంచిలో ఒక కవరు ఎక్కువైతే బస్సేమీ కుంగిపోదు.

ముప్పై ఒక్క ఏళ్ళు మిషన్ ఆసుపత్రి ఆపరేషన్ థియేటర్లో నిలబడి, రిటైరై, క్వార్టర్సు ఖాళీ చేసి, యాభై ఎనిమిదో ఏట కాపురానికొచ్చిన దాన్ని నేను. ఈ ఇంట్లో ఏ గిన్నె ముట్టుకున్నా ఇంకొకరి గిన్నె అనిపించేది. మొదటి భార్య సుగుణ గారు మంచాన పడితే కృపానందం మాస్టారు ఆరేళ్ళు ఆమెను ఎత్తి దించి చూసుకున్నారట. ఆమె పోయి నాలుగేళ్ళు. ఆమె పెంచిన బంగారు చేపలు ఎనిమిది హాల్లో ఉన్నాయి.

మొన్న ఆదివారం చర్చి నుంచి రాగానే మాస్టారు మేత డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టారు. "ఇంక వీటికి అన్నం పెట్టేది మీరే. సుగుణ పోయినాక ఇంకెవుర్నీ ముట్టనీలేదు" అన్నారు. డబ్బా పట్టుకుని వంటింట్లోకి పోయి ఏడ్చాను. సంతోషంతోనేలే.

అప్పటినుంచి రోజూ ఏడు గంటలకు, మాస్టారు నడకకు పోయినప్పుడు, థియేటర్లో కడిగినట్టే మోచేతుల దాకా మందుతో చేతులు రుద్ది, తుడవకుండా గాలికి ఆరనిచ్చి, మేత వేళ్ళతో పట్టుకుని నీళ్ళలో పెడతాను. చేపలొచ్చి వేళ్ళను ముక్కుతో పొడుస్తాయి. ఎంత బాగుంటుందో చెప్పలేను. పొద్దున మేతప్పుడూ రాత్రి ప్రార్థనప్పుడూ లెక్కపెడతాను. ఎనిమిది.

అడగాలనుకున్నది ఇది. పిల్లీ చేపలూ ఒకే కప్పు కింద కుదురుతాయా? కాటన్‌ను తొమ్మిదేళ్ళు పెంచాను, వదల్లేను. డబ్బా కూడా వదల్లేను.

మీ అక్క,
రాహేలు

•

పుంగనూరు,
జూన్ 14

అక్కా,

చంకలో పిల్లిని పెట్టుకుని పెళ్ళికి పోయినట్టని సామెత. సామెత అనుకున్నాను గానీ దాన్ని నిజంగా చేసి చూపిస్తావనుకోలేదు. మూడు నెలలైంది, ఆయన్ను ఇంకా మాస్టారనే పిలుస్తున్నావు. పేరు పెట్టి పిలిచేది పిల్లినొక్కదాన్నే.

మా బడిలో ఒక టీచరింట్లో ఇలాగే రెండూ ఉన్నాయి. తొట్టిమీద పలక మూత పెట్టి దానిమీద ఇటుక పెట్టాలంట. నీళ్ళు అంచుకు నాలుగు వేళ్ళ కిందే ఉండాలంట. పిల్లికి కడుపునిండా పెట్టాకే చేపలకు మేత వెయ్యాలంట. తొట్టి పక్కన దూకడానికి స్టూలూ కుర్చీ ఉండకూడదంట.

మా ఆయన ఉత్తరం మీద చెయ్యి వేసి చదివి, "ఇదంతా యాలప్పా? రోజూ చేపల్ని గాదు, పిల్లి కడుపును సూసుకోమను. అది ఉబ్బితే ఆడ తగ్గినట్టే" అంటున్నాడు. ఆయన మాట పట్టించుకోకు.

మెర్సీ

•

మదనపల్లె,
జూలై 15

మెర్సీ,

ఒక చేప లేదు. పోయిన సోమవారం రాత్రి ప్రార్థనకు ఎనిమిది, పొద్దునకు ఏడు. మూత ఉన్నచోటే ఉంది, ఇటుక కదల్లేదు. నేలమీద నీటి చుక్క లేదు. కాటన్ మీసాలు తడిమి చూశాను, పొడి. నోరు తెరిచి వాసన చూశాను, పెరుగన్నం వాసన. మాస్టార్ని అడిగితే, "యాడికి పోతాది లెండి, రాళ్ళ యెనకాల ఉంటాది" అని నా మొహం చూడకుండా పేపరు తిప్పారు.

రాళ్ళన్నీ తీసి చూశాను. లేదు. గురువారం ఇంకొకటి పోయింది.

నిన్న కుప్పం నుంచి మాస్టారి కూతురు అనిత వచ్చింది. అక్కడ బ్యాంకులో ఉద్యోగం, నెలకొకసారి వస్తుంది. చెప్పులు విప్పక ముందే తొట్టి దగ్గరికి పోయి వేలితో లెక్కపెట్టింది. "అమ్మ చేపలు ఎనిమిది ఉండాలి గదా. ఆరే ఉండాయే! పిల్లిని పెట్టుకుని చేపలు యాల నాన్నా?" అంది. నన్ను కాదు, వాళ్ళ నాన్నను అడిగింది. ఆయన "కాదమ్మా" అని ఒక్క మాట అంటారేమోనని చూశాను. అనలేదు. గోడమీది క్యాలెండరు చూస్తూ కూర్చున్నారు.

ఆ మౌనం నాకు అర్థం కావడం లేదు. కోపమా, జాలా, నన్ను తెచ్చుకుని తప్పు చేశాననే ఆలోచనా? గట్టిగా అరిచినా బాగుండేది.

కాటన్‌ను రేపు గంపలో పెట్టి శరత్ బాబుతో పంపిస్తున్నాను. గంప పైన నా పాత చీర కప్పాను. ఆ వాసన ఉంటే ఏడవదు. నేను ఏడవకుండా ఉండటానికి మాత్రం ఏ వాసనా లేదు.

రాహేలు

•

పుంగనూరు,
జూలై 21

అక్కా,

నీ ముద్దాయి చేరింది. బస్సులో ఒకావిడ గంపలో కోడి అనుకుని బేరమాడిందంట.

నేను టీచర్ని, విచారణ లేకుండా శిక్ష వెయ్యను. సంతలో చేప తెప్పించి పచ్చిదే దాని ముందు పెట్టాను. వాసన చూసి తుమ్మింది. వెనక్కి నడిచి మంచం కిందికి పోయింది. సరే చచ్చిన చేప నచ్చలేదేమోనని, కాలవలో పిల్లలు పట్టిన చిన్న చేపల్ని బతికున్నవే బక్కెట్లో వేసి పెట్టాను. కాటన్ వచ్చి చూసింది, బక్కెట్లో నీళ్ళు తాగింది, పక్కనే పడుకుని నిద్రపోయింది. లేచాక పెరుగన్నం తినింది.

పిల్లిపేరు పెట్టుకుని పుట్టిన సన్యాసిరా ఇది అంటున్నాడు మా ఆయన. నాకు మాత్రం నవ్వు రావడం లేదు. అది తినకపోతే మరి నీ చేపలు ఏమవుతున్నాయి?

మెర్సీ

•

మదనపల్లె,
ఆగస్టు 18

మెర్సీ,

ఈ ఉత్తరం చదివి చింపెయ్యి.

థియేటర్లో మాకొక పద్ధతి ఉందని నీకు తెలుసు. కడుపు కోసే ముందు దూది గుడ్డలు లెక్కపెడతాం, మూసే ముందు మళ్ళీ పెడతాం. లెక్క కలవకపోతే ఎంత పెద్ద డాక్టరైనా సూది పట్టుకుని నిలబడాల్సిందే. ముప్పై ఒక్క ఏళ్ళు నా లెక్క తప్పలేదు. అలాంటి నాకు అద్దం తొట్టిలో ఆరు చేపలు లెక్కకు రావడం లేదు.

కాటన్ పోయాక కూడా తగ్గాయి. అది సరే, పిల్లి కాదని తేలింది అనుకున్నాను. కానీ పెరుగుతున్నాయి కూడా! చర్చి క్యాలెండరు వెనక పెన్సిలుతో రాసుకున్నాను. మూడో తారీఖు ఆరు. ఏడో తారీఖు ఐదు. తొమ్మిదిన నాలుగు. పదకొండు ఆదివారం పొద్దున ఆరు! పిల్లలు పెట్టాయనుకుందామంటే వేలెడంత పిల్లలు పుడతాయా? మళ్ళీ గురువారానికి ఐదు. ఇవాళ ఆదివారం, మళ్ళీ ఆరు.

తోకమీద నల్లమచ్చ ఉన్నదొకటి ఉండేది. అది కనబడకుండా పోయి, ఇప్పుడు అచ్చం అలాంటిదే ఉంది, మచ్చ లేదు. మచ్చ నేనే ఊహించుకున్నానా?

చేతులు కడిగే మందుకు వాసన పోయింది. సీసా మార్చాను. రెండు రోజులకు కొత్తదానికీ వాసన లేదు. ముక్కు పోయిందా, మనసు పోయిందా?

"మాస్టారూ, మీకెన్ని కనబడుతున్నాయి?" అని అడిగాను. "మీకెన్ని కనపడతాంటే అన్నే" అన్నారు. ఇదేం జవాబు మెర్సీ? పిచ్చివాళ్ళతో మాట్లాడినట్టు లేదూ?

అమ్మకు అరవైలో ఇలాగే మొదలైంది. సాయంత్రం గంప కింద కోళ్ళు లెక్కపెట్టి, తొమ్మిదుంటే పదకొండని ఏడ్చేది. చివరికి మనిద్దర్నీ కూడా లెక్క మర్చిపోయింది. నాకు ఇంకో రెండేళ్ళకు అరవై. భయంగా ఉంది.

రాహేలు

•

పుంగనూరు,
ఆగస్టు 21

అక్కా,

నీకు మతిమరుపు లేదు. ఎలా తెలుసని అడగొద్దు.

అమ్మ సంగతి వేరు, నీ సంగతి వేరు. కడుపునిండా తిను, లెక్కపెట్టడం మానెయ్యి. చేపలకు మేత వేళ్ళతో కాకుండా చెంచాతో వేస్తే ఎలా ఉంటుంది? ఊరికే అంటున్నానులే. బడి పని ఎక్కువగా ఉంది, పెద్ద ఉత్తరం రాయలేను.

కాటన్ బాగుంది.

మెర్సీ

•

మదనపల్లె,
ఆగస్టు 29

మెర్సీ,

ఏడు వరసల ఉత్తరం నువ్వు నాకెప్పుడూ రాయలేదు. నీకూ ఏదో తెలిసిపోయింది, నాకు చెప్పడం లేదు. అమ్మ విషయంలో డాక్టరు చెప్పింది మనం అమ్మకు చెప్పలేదు చూడు, అలా. చెంచా మాట ఎందుకన్నావో ఎంత ఆలోచించినా తెలియలేదు. నా చేతులు వణుకుతున్నాయని శరత్ బాబు ఏమైనా చెప్పాడా?

మాస్టారి చూపు కూడా మారింది. నేను తొట్టి దగ్గరికి పోతే ఆయన కుర్చీలోంచి లేస్తారు, కూర్చుంటారు, మళ్ళీ లేస్తారు. శనివారం శనివారం అనిత దగ్గరికని కుప్పం పోయి సాయంత్రానికి వస్తున్నారు. నాతో ఇంట్లో ఉండలేకనే కదా!

ఒక నిర్ణయానికొచ్చాను. ఆయన ఒకావిడను ఆరేళ్ళు మంచంమీద సాకారు. ఇప్పుడు డెబ్బై దగ్గర పడుతున్న మనిషి. ఇంకొకామెను సాకమని అడిగే ముఖం నాకు లేదు. నన్ను పేరు పెట్టి పిలవడం ఆయనకు ఇంకా అలవాటు కాలేదు, నేను ఆయన పేరు మర్చిపోయే రోజు రాకముందే పోవాలి. ఎల్లుండి శనివారం ఆయన కుప్పం పోతారు, ఈసారి రెండు రోజులుంటారట. సోమవారం పొద్దున ట్రంకుపెట్టెతో శరత్ బాబు బస్సెక్కుతాను. మీ వెనక గది ఖాళీ చేసి పెట్టు.

మేత డబ్బా టేబులు మీద పెట్టి వస్తాను.

రాహేలు

•

పుంగనూరు,
ఆగస్టు 31, పొద్దున

కృపానందం బావగారికి,

ఈ కవరు మీరు కుప్పంలో బస్సు దిగేలోపు మా ఆయన మీ చేతిలో పెడతాడు. లోపల అక్క రాసిన ఉత్తరాలు రెండు పెట్టాను. పద్దెనిమిదో తారీఖుదొకటి, నిన్న వచ్చినదొకటి. ముందు అవి చదవండి.

చదివారా? రెండు వారాల కింద మా ఊరి బస్టాండు దగ్గర బస్సు టైరు పోయిన రోజు, మీరు స్టీలు క్యానుతో మా ఇంటికొచ్చి కూర్చున్నారు. క్యాన్లో కుప్పం స్టేషను దగ్గర కొన్న చేప ఒకటి. కాటన్ క్యాను పక్కన పడుకుంటే దాని తల నిమురుతూ జరిగిందంతా చెప్పారు, చెప్పి నా చేత ఒట్టు వేయించుకున్నారు. "ఆమె మనసు నొచ్చుకుంటాది మెర్సీ, యాడా అనొద్దు" అన్నారు. మీ మంచితనం చూసి నా కళ్ళు తడిసినాయి. ఒట్టు వేశాను. వేసి తప్పు చేశాను.

ఆమె మనసు నొచ్చుకోకూడదని మీరు చేసిన పనికి ఆమె తన మనసే పోయిందని భయపడుతోంది. లెక్క మీద బతికిన మనిషి దగ్గర లెక్క దొంగిలించారు బావగారూ. నేను మీ పక్కన నిలబడి దొంగసొత్తుకు గంప పట్టాను.

నా ఒట్టు ఇవాళ సాయంత్రం వరకే. ఈలోపు మీరు చెప్తారో, సోమవారం ట్రంకుపెట్టె దించుకుంటూ నేను చెప్పాలో మీ ఇష్టం.

మెర్సీ

•

కుప్పం,
ఆగస్టు 31, సాయంత్రం

రాహేలు గారికి,

ఒకే ఇంట్లో ఉంటూ మీకు ఉత్తరం రాయాల్సి వచ్చింది. ఎదురుగా చెప్పే ధైర్యం లేదు. శరత్ బాబు తిరుగు బస్సులో పంపుతున్నాను.

మీ లెక్క ఒక్కరోజు కూడా తప్పలేదు. పెన్సిలుతో రాసుకున్నవన్నీ నిజం. చేపలు చచ్చిపోతుంటే తెల్లవారు ఐదింటికి మీరు లేవకముందే తీసి జామచెట్టు కింద పూడ్చింది నేను. శనివారాలు కుప్పంలో కొని తెచ్చి, మీరు వంటింట్లో ఉన్నప్పుడు తొట్టిలో వదిలింది నేను. మదనపల్లెలో కొంటే సాయంత్రానికి చర్చంతా తెలిసిపోతుందని ఇంత దూరం వచ్చాను. నల్లమచ్చ మీరు ఊహించుకోలేదు. మచ్చ ఉన్న చేప దొరకలేదు, అంతే. సీసాలో మందు పారబోసి నీళ్ళు కలిపింది కూడా నేనే. వాసన మీకు పోలేదు, మందుకు పోయింది.

మొదటి చేప పోయినప్పుడు మేత డబ్బా మీ చేతికొచ్చి ఇంకా నెల దాటలేదు. చచ్చిన చేపను మీకు చూపించడానికి మనసొప్పలేదు. ఎందుకు చచ్చిపోతున్నాయో అప్పుడు నాకూ తెలియదు. అనిత పిల్లి మీద నింద వేసినప్పుడు, అవి నీళ్ళమీద తేలుతూ దొరికాయని చెప్పి ఉంటే కాటన్ ఇంట్లోనే ఉండేది. నోరు మూసుకున్నాను. ఆ పాపం నాది.

ఒకరోజు నడక నుంచి తొందరగా వచ్చాను. మీరు మోచేతుల దాకా మందు రుద్దుకుని, ఆ తడిచేతులు నీళ్ళలో పెట్టి మేత వేస్తున్నారు. మీ మొహంలో ఉన్న సంతోషం చూశాను. ముప్పై ఏళ్ళు సైన్సు చెప్పినవాణ్ణి, ఆసుపత్రి మందు చేపలకు విషమని అప్పటికప్పుడే అర్థమైంది. "ఆ చెయ్యి తియ్యండి" అనాలి. నోరు రాలేదు. ఆ చేతులు ఎంతమందిని బతికించాయో ఊరంతా చెప్తుంది. ఆ చెయ్యి వల్ల అని నేనెట్లా అనేది? చేపలు కొనడమే సులువనిపించింది.

సుగుణ మంచాన ఉన్నప్పుడు డాక్టర్లు చెప్పింది ఆమెకు చెప్పకుండా ఆరేళ్ళు గడిపాను. చెప్పకపోవడమే ప్రేమ అని అలవాటైపోయింది. బాగున్న మనిషికి అదే మందు వేశాను.

ఇవాళ అనితకు చెప్పాను. "మరి ఆ పిల్లికి ఎవురు క్షమాపణ చెప్తారు నాన్నా?" అని ఏడ్చింది.

మీరు రమ్మంటేనే ఇంటికొస్తాను. ట్రంకుపెట్టె మీరు కట్టొద్దు. కట్టాల్సి వస్తే నాది కడతాను.

కృపానందం

•

మదనపల్లె,
సెప్టెంబరు 5

మాస్టారికి,

మీ ఉత్తరం శనివారం రాత్రే అందింది. జవాబు రాయడానికి ఐదు రోజులు పట్టింది, ఎందుకంటే మొదటి రెండు రోజులు నాకు చచ్చేంత కోపం వచ్చింది. నా తల నేనే రెండు చేతులతో పట్టుకుని కూర్చున్న రాత్రులు మీరు పక్క గదిలోనే ఉన్నారు. "మీకెన్ని కనపడతాంటే అన్నే" అన్న మాటకు మిమ్మల్ని ఎప్పుడు క్షమిస్తానో తెలియదు. క్షమిస్తాను గానీ, తేదీ చెప్పలేను.

మూడో రోజు జామచెట్టు కిందికి పోయాను. మట్టి గుర్తుపట్టాను. సుగుణ గారి చేపలు ఆరు నా చేత్తో పోయాయి. ఆమెను నేను చూడలేదు. అక్కడే కూర్చుని ఆమెతో చెప్పుకున్నాను, తెలియక చేశానమ్మా అని. ఏడ్చాను. ఆ ఏడుపు నాకు కావలసింది మాస్టారూ, మీరు దాన్ని నాకు దక్కకుండా దాచారు. తప్పు చేసినదానికి ఏడిస్తే తీరుతుంది. పిచ్చెక్కుతోందని ఏడిస్తే తీరదు.

మందు సీసా స్నానాలగదిలో అలమారలో పెట్టేశాను. తొట్టిలో నీళ్ళు మూడొంతులు మార్చాను. మెర్సీ చెప్పిన చెంచా ఇప్పటికి అర్థమైంది, దాంతోనే మేత వేస్తున్నాను. ఇప్పుడు వేళ్ళను పొడవలేవు గానీ, చెంచాను పొడుస్తున్నాయి. నాలుగున్నాయి. రెండు ఆమెవి, రెండు మీరు తెచ్చినవి. ఐదు రోజులుగా రాత్రీ పొద్దునా నాలుగే.

ట్రంకుపెట్టె విప్పేశాను. శనివారం బస్సుకు రండి. చేపలు తేవొద్దు. పుంగనూరులో దిగి కాటన్‌ను తీసుకురండి, గంప మీరే ఒళ్ళో పెట్టుకోండి. ఇంటికి చేరేదాకా దానికి ఏం చెప్పుకుంటారో చెప్పుకోండి.

ఒక్క మాట. థియేటర్లో లెక్క ఎప్పుడూ ఒక్కరు పెట్టకూడదు. ఒకరు పైకి చదవాలి, రెండోవారు చూసి ఔననాలి. ఇద్దరూ ఒప్పుకుంటేనే అది లెక్క. ఇన్ని నెలలూ నేనొక్కదాన్నే పెట్టాను, మీరు చాటుగా మార్చారు. ఆ పద్ధతి నాకు తెలిసీ మిమ్మల్ని పక్కన నిలబెట్టుకోలేదు, అది నా తప్పు.

ఈ పూట నాలుగు. నేను చదివాను. మీరొచ్చి ఔనండి.

రాహేలు